బాయిలర్ ప్రెషర్ రోజూ పడిపోతోంది, పైగది రేడియేటర్‌లో రోజూ గాలి. ఎన్నిసార్లని నీళ్లు నింపాలి?

చలిగాలి_17
అందరికీ నమస్తే. ఈ ఇంట్లో మాకు ఇదే మొదటి చలికాలం. ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ నేలమాళిగలో ఉంది, దాని వేడి నీళ్లు తిరిగే రేడియేటర్లు పైన రెండు అంతస్తుల్లో తొమ్మిది. మూడు సమస్యలు.

ఒకటి, సాయంత్రం నీళ్లు నింపి గేజ్ ముల్లు 1.5 బార్ (ప్రెషర్ కొలత) మీద పెడతాను. పొద్దున లేచేసరికి 0.4. మళ్లీ నింపుతాను. రెండు వారాలుగా ఇదే పని.

రెండు, పైఅంతస్తు పడకగదిలో రేడియేటర్ సగం నుంచి పైకి చల్లగా ఉంటుంది. కీ పెట్టి గాలి తీస్తే నిమిషం పాటు బుస్సుమని వస్తుంది. మర్నాటికి మళ్లీ అంతే.

మూడు, పైపుల్లో రాత్రంతా గుడగుడ. పిల్లలు దయ్యం అంటున్నారు, నేను బాయిలర్ అంటున్నాను. ఎవరూ నమ్మట్లేదు.

నేల మీద ఎక్కడా తడి లేదు. గోడలు కూడా పొడిగానే ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

హడావుడి
సింపుల్ బ్రదర్. సిస్టమ్ మొత్తం ఖాళీ చేసి కొత్త నీళ్లు పట్టండి. నేను ఏటా చేస్తాను. పాత నీళ్లు నల్లగా కంపు కొడుతుంటాయి, ఆ మురికే అన్నిటికీ కారణం.

రెంచిరాణి
హడావుడి గారూ, పేరు సార్థకం చేసుకున్నారు. ఆయన చెప్పింది ప్రెషర్ పడిపోతోందని. నీళ్లు మారిస్తే అదెలా ఆగుతుంది?

చలిగాలి గారూ, రెండు ప్రశ్నలు. బాయిలర్ బాగా వేడెక్కి అన్ని గదులూ కాగుతున్నప్పుడు ముల్లు ఎక్కడుంటోంది? బాయిలర్ దగ్గర ఎర్రగానో తెల్లగానో గుండ్రటి ఇనప డబ్బా ఏదైనా ఉందా?

చలిగాలి_17
వేడిగా ఉన్నప్పుడు ఎప్పుడూ చూడలేదండి. ఇప్పుడే కిందికెళ్లి చూసొచ్చాను. 2.9! ఎర్ర గీత మొదలయ్యేది 3 దగ్గర. ఎర్ర డబ్బా ఉంది, బాయిలర్ పక్కన గోడకి బిగించి. దాని మీద 12 లీటర్లు అని రాసుంది.

బాయిలర్‌బాబాయ్
దొరికింది దొంగ. ఆ ఎర్ర డబ్బాయే ఎక్స్‌పాన్షన్ ట్యాంక్. లోపల మధ్యలో రబ్బరు పొర. ఒక పక్క మీ రేడియేటర్ల నీళ్లు, ఇంకో పక్క గాలి. నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి. ఉబ్బిన నీళ్లకి చోటు కావాలి కదా, ఆ గాలి నలిగి చోటిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలి మెల్లగా తగ్గిపోతుంది, సైకిల్ ట్యూబులో తగ్గినట్టే. అప్పుడు నీళ్లకి చోటుండదు. ప్రెషర్ 3 దాటగానే సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని నీళ్లు బయటికి పోతాయి. బాయిలర్ చల్లారాక ముల్లు 0.4. మీరు మళ్లీ నింపుతారు, అది మళ్లీ పారబోస్తుంది.

నేల తడిగా లేదన్నారు. సేఫ్టీ వాల్వ్ గొట్టం ఇంటి బయటికి పోతుంది, అందుకే మీకు కనపడలేదు. బాయిలర్ గది బయట గోడ చుట్టూ ఒకసారి తిరగండి. వంగిన రాగి గొట్టం ముక్క కనపడుతుంది. దాని చివర పెద్ద ప్లాస్టిక్ సంచి వదులుగా కట్టండి. గొట్టం మాత్రం మూసుకుపోకూడదు. రేపు పొద్దున చూడండి.

లెక్కలపంతులు
బాబాయ్ గారు చెప్పినదానికి కొంచెం లెక్క. తొమ్మిది రేడియేటర్లు, పైపులు, బాయిలర్ కలిపి 120 లీటర్లు అనుకుందాం. 15 డిగ్రీల నీళ్లు 70 డిగ్రీలకి వచ్చేసరికి సుమారు 2.2 శాతం పెరుగుతాయి. అంటే 2.6 లీటర్లు అదనం.

12 లీటర్ల ట్యాంకులో 1 బార్ గాలి సరిగ్గా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు 1.3 బార్ మీద దాదాపు 10.4 లీటర్ల గాలి ఉంటుంది. 2.6 లీటర్ల నీళ్లు చొరబడితే ప్రెషర్ 2.1 దాకా వెళ్తుంది. హాయి.

గాలి కారిపోయి అదే 1.3 మీద 4 లీటర్లే మిగిలిందనుకోండి. 2.6 లీటర్లు వచ్చేసరికి ప్రెషర్ లెక్క ప్రకారం 5.5 బార్ దాటాలి. దాటదు, ఎందుకంటే 3 దగ్గరే వాల్వ్ వదిలేస్తుంది.

హడావుడి
సరే, ప్రెషర్ సంగతి ఒప్పుకుంటా. కానీ పైన గాలి? అది మురికి నీళ్ల వల్లే.

లెక్కలపంతులు
అక్కడే అసలు తమాషా ఉంది. నీటి మట్టం ప్రతి 10 మీటర్లకీ దాదాపు 1 బార్. పైగది రేడియేటర్ గేజ్ కన్నా 6 మీటర్లు ఎత్తులో ఉందనుకుంటే, అక్కడిదాకా నీళ్లు నిలవడానికే 0.6 బార్ కావాలి. పొద్దున గేజ్ 0.4 చూపిస్తోందంటే పైన ప్రెషర్ మైనస్ 0.2! బయటి గాలి కన్నా తక్కువ. అప్పుడు నీళ్లు బయటికి కారవు, గాలే లోపలికి వస్తుంది. వాల్వ్ కాడ చుట్టూ ఉండే ప్యాకింగ్ దగ్గర నుంచో, గాలిని తనంతట తనే వదిలే ఆటోమేటిక్ ఎయిర్ వెంట్ నుంచో పీల్చుకుంటుంది. నీళ్లు కారని సందులోంచి కూడా గాలి దూరగలదు.

అంటే మీ మూడు సమస్యలూ ఒక్కటే. ట్యాంకులో గాలి లేదు, కాబట్టి ప్రెషర్ పడింది, కాబట్టి పైన గాలి పీల్చింది, ఆ గాలే పైపుల్లో గుడగుడ.

చలిగాలి_17
సంచి కట్టాను. పొద్దున్నే వెళ్లి చూస్తే మూడు నాలుగు గ్లాసుల నీళ్లున్నాయి! రెండు వారాలుగా గోడ పక్క మట్టికి వేడి నీళ్లు పోస్తున్నానన్నమాట.

కానీ ఒక అనుమానం. ట్యాంక్ అడుగున కారు టైరుకి ఉండేలాంటి వాల్వ్ ఉంది. టైర్ గేజ్ పెట్టి చూశాను. 1.4 చూపించింది. గాలి బాగానే ఉన్నట్టేగా?

రెంచిరాణి
అప్పుడు సిస్టమ్ ప్రెషర్ ఎంత?

చలిగాలి_17
1.4.

రెంచిరాణి
అదే మరి. రబ్బరు పొర రెండు వైపులా ప్రెషర్ సమానంగా ఉంటుంది. అవతల నీళ్లు 1.4తో నొక్కుతుంటే ఇవతల గాలి ఒక లీటరే ఉన్నా గేజ్ 1.4 చూపిస్తుంది. మీరు కొలిచింది నీళ్ల ప్రెషర్‌నే. నీళ్ల వైపు సున్నా చేసి కొలిస్తేనే గాలి సంగతి తెలిసేది. నేనూ మొదటిసారి ఇలాగే మోసపోయి, ట్యాంక్ బాగుందనుకుని నెల రోజులు పైపుల్లో లీక్ వెతికాను. వంటగది సింకు కింద చెక్కలు కూడా పీకాను. మా ఆయన ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు.

బాయిలర్‌బాబాయ్
పద్ధతి రాస్తున్నాను. ట్యాంక్ బయట గోడకి ఉంది కాబట్టి మీరే చేసుకోవచ్చు. బాయిలర్ మూత లోపల ఉండే ట్యాంకులైతే ముట్టుకోకండి. గ్యాస్ బాయిలర్ మూత తీయడం లైసెన్స్ ఉన్నవాళ్ల పని.

ముందు బాయిలర్ ఆపి పూర్తిగా చల్లారనివ్వండి. నీళ్లు నింపే ట్యాప్ మూసుందో లేదో చూసుకోండి. సిస్టమ్‌లో అన్నిటికన్నా కిందనున్న డ్రెయిన్ ట్యాప్‌కి గొట్టం తగిలించి గేజ్ సున్నాకి వచ్చేదాకా నీళ్లు వదలండి. మొత్తం ఖాళీ చేయక్కర్లేదు, ప్రెషర్ పోతే చాలు. డ్రెయిన్ తెరిచే ఉంచండి, ఇది చాలామంది మర్చిపోతారు. ఇప్పుడు టైర్ వాల్వ్ పిన్ను ఒక్క క్షణం నొక్కండి. గాలి వస్తే సంతోషం. నీళ్లు వస్తే రబ్బరు చిరిగినట్టే, ట్యాంక్ మార్చాలి, ఎంత పంపు కొట్టినా దండగ.

గాలి వస్తే సైకిల్ పంపుతో కొట్టండి. ఎంత కొట్టాలన్నది ఇంటి ఎత్తుని బట్టి. మీకు 6 మీటర్లు కాబట్టి 0.6, దానికి పైన ఓ 0.3. అంటే 0.9 నుంచి 1. కొడుతున్నంతసేపూ డ్రెయిన్‌లోంచి నీళ్లు వస్తుంటాయి, ట్యాంకులో ఇరుక్కున్న నీళ్లు అవి. రావడం ఆగాక మళ్లీ కొలవండి. డ్రెయిన్ మూసి, 1.3 దాకా నీళ్లు నింపి, పైన గాలి తీసి, ముల్లు తగ్గితే మళ్లీ 1.3 చేయండి.

గాలి తీసేటప్పుడు కూడా బాయిలర్, నీళ్లు తిప్పే పంపు ఆగి ఉండాలి. పంపు తిరుగుతుంటే గాలి ఒకచోట నిలవదు, కొన్నిచోట్ల కీ తిప్పితే ఇంకాస్త గాలి లోపలికే పోతుంది. నీళ్లు వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది. కింద గుడ్డ, చిన్న గిన్నె పెట్టుకోండి. కీ అర చుట్టు చాలు. స్క్రూ పూర్తిగా ఊడొచ్చిందంటే ఆ నల్లనీళ్లు కార్పెట్ మీద పడతాయి, ఆ మరక పోదు.

హడావుడి
నేను గాలి తీసేటప్పుడు అగ్గిపుల్ల గీసి చూస్తాను. ఒక్కోసారి నీలం మంట వస్తుంది. అది చూసి తుప్పు ఉందో లేదో చెప్పొచ్చు.

మోడరేటర్
దయచేసి ఎవరూ ఈ పని చేయొద్దు. ఇనుము తుప్పు పట్టేటప్పుడు హైడ్రోజన్ పుడుతుందన్నది నిజమే, అది మండుతుంది కూడా. అందుకే దాని దగ్గర మంట పెట్టకూడదు. ఇలాంటి సలహా మళ్లీ కనిపిస్తే తీసేస్తాం.

లెక్కలపంతులు
మంట లేకుండానే తెలుసుకోవచ్చు. ప్రెషర్ ఎప్పుడూ పడిపోకుండా, మీరు కొత్త నీళ్లు నింపకుండా, అయినా అదే రేడియేటర్‌లో నెలకోసారి గాలి చేరుతోందంటే అది బయటి గాలి కాదు, లోపల పుట్టిన వాయువే. వచ్చే నీళ్ల రంగు కూడా చూడండి. నల్లగా ఉంటే మాగ్నటైట్, ఆక్సిజన్ తక్కువున్నచోట పట్టే తుప్పు. ఎర్రమట్టి రంగులో ఉంటే ఎక్కడి నుంచో కొత్తగా ఆక్సిజన్ వస్తున్నట్టు.

హడావుడి గారి 'ఏటా ఖాళీ చేయడం' గురించి కూడా ఒక మాట. చల్లటి కుళాయి నీళ్లలో లీటరుకి దాదాపు 10 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటుంది. 120 లీటర్లకి 1.2 గ్రాములు. అది సుమారు 3 గ్రాముల ఇనుమును తినేస్తుంది. ఇది పెద్ద నష్టమేం కాదు, ఒప్పుకుంటాను. కానీ ఖాళీ చేసి నింపినప్పుడు మూలల్లో గాలి ఇరుక్కుంటుంది. ఒక్క లీటరు గాలిలో ఆక్సిజన్ 0.28 గ్రాములు, అంటే 28 లీటర్ల కొత్త నీళ్లలో ఉన్నంత. కాబట్టి భయపడాల్సింది నీళ్లకన్నా గాలికి. పైగా నీళ్లు కఠినమైనవైతే, లీటరుకి 300 మిల్లీగ్రాముల సున్నం లెక్కన 120 లీటర్లకి 36 గ్రాములు. అందులో చాలా భాగం బాయిలర్‌లో అన్నిటికన్నా వేడిగా ఉండే చోటే పేరుకుంటుంది. బాయిలర్ కెటిల్ లాగా శబ్దం చేసేది అందుకే.

బాయిలర్‌బాబాయ్
అదీ కాక పాత నీళ్లలో తుప్పు నిరోధించే మందు, ఇన్హిబిటర్ అంటాం, కలిపి ఉంటుంది. నీళ్లు పారబోస్తే అదీ పోతుంది. నల్లనీళ్లు చూసి కంగారు పడక్కర్లేదు, నీళ్లు బాగా పాతవైతే మంచి సిస్టమ్‌లోనూ కాస్త నల్లగానే ఉంటాయి. రేడియేటర్ కింది మధ్యభాగం చల్లగా, పైభాగం, రెండు అంచులు వేడిగా ఉంటే మాత్రం మడ్డి పేరుకుందని అర్థం. అప్పుడు ఆ రేడియేటర్ ఊడదీసి బయటికి తీసుకెళ్లి గొట్టంతో కడగాలి. బరువు తక్కువేం కాదు, మడ్డి నిండితే ఇద్దరు పట్టాలి. నేను 28 ఏళ్లు ఈ పని చేశాను, నా నడుమే సాక్ష్యం.

పైన చల్లగా ఉంటే గాలి, కింద చల్లగా ఉంటే మడ్డి, మొత్తం చల్లగా ఉంటే వాల్వ్. చెయ్యి పెట్టి చూస్తే ముప్పాతిక రోగం తెలిసిపోతుంది.

అద్దెఇల్లు
మధ్యలో దూరుతున్నందుకు సారీ. మాది అద్దె ఇల్లు. ఒక గదిలో రేడియేటర్ మొత్తం చల్లగా ఉంది. పక్కన నంబర్లున్న గుండ్రటి మూత 5 మీద పెట్టినా వేడెక్కట్లేదు. మిగతావన్నీ బాగానే ఉన్నాయి. ఓనర్ 'చూద్దాం' అంటున్నారు, చలికాలం అయిపోయేలా ఉంది.

రెంచిరాణి
వేసవి అంతా ఆ మూత సున్నా మీద ఉంచారా?

అద్దెఇల్లు
అవును... ఎలా తెలిసింది?

రెంచిరాణి
అందరూ చేసేదే. ఆ మూతను చేత్తో తిప్పి ఊడదీయండి, కొన్నిటికి కింద చక్రంలాంటి రింగు ఉంటుంది. నీళ్లు రావు, భయపడకండి. లోపల చిన్న లోహపు పిన్ను ఉంటుంది. నొక్కితే లోపలికెళ్లి, వదిలితే తనంతట తనే పైకి రావాలి. నెలల తరబడి నొక్కుకుని ఉండడంతో అది అక్కడే అతుక్కుపోయి ఉంటుంది. స్పానర్ వెనక వైపుతో మెల్లగా నొక్కి నొక్కి వదలండి, పక్కల నుంచి చిన్నగా తట్టండి. పట్టకారుతో పైకి లాగకండి, ఊడొస్తే నీళ్లు వాన పడ్డట్టు వస్తాయి. చాలావరకు పది నిమిషాల్లో కదులుతుంది. కదలకపోతే ఓనర్‌కి మళ్లీ ఫోన్ చేయండి, ఈసారి 'వాల్వ్ పిన్ను అతుక్కుంది' అని చెప్పండి. కారణం చెబితే కొంచెం తొందరగా కదులుతారు.

వచ్చే వేసవిలో మూతలన్నీ పూర్తిగా తెరిచి ఉంచండి.

అద్దెఇల్లు
అక్కా, పనిచేసింది!! టక్కుమని పైకి లేచింది, రెండు నిమిషాల్లో పైపు వేడి. కానీ ఇప్పుడు ఆ గదిలో నేల కింద టిక్ టిక్ అని శబ్దం. నిద్ర పట్టట్లేదు.

లెక్కలపంతులు
అది పైపు సాగుతున్న చప్పుడు. 10 మీటర్ల రాగి పైపు 50 డిగ్రీలు వేడెక్కితే 8.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చెక్కకో బిగుతు క్లాంపుకో ఒరుసుకుంటూ జారినప్పుడల్లా ఒక టిక్. ప్రమాదం ఏమీ లేదు. నేల తీయగలిగితే పైపుకీ చెక్కకీ మధ్య ఫెల్ట్ ముక్క పెట్టొచ్చు. అద్దె ఇల్లు కాబట్టి అది కుదరదు. బాయిలర్ నుంచి వచ్చే నీళ్ల వేడి పది డిగ్రీలు తగ్గించి చూడండి, చప్పుడు బాగా తగ్గుతుంది.

చలిగాలి_17
అప్‌డేట్. నిన్న పగలంతా ఇదే పని. గేజ్ సున్నా చేసి ట్యాంక్ కొలిస్తే... 0.1! దాదాపు ఏమీ లేదు. పిన్ను నొక్కితే గాలే వచ్చింది, నీళ్లు రాలేదు, కాబట్టి రబ్బరు బతికే ఉంది. సైకిల్ పంపుతో కొట్టీ కొట్టీ చేతులు పడిపోయాయి. పన్నెండు లీటర్ల డబ్బా అని తెలిసీ పిల్లల సైకిల్ పంపు తీసుకెళ్లడం నా తెలివి. 1 బార్ చేసి, నీళ్లు 1.3 నింపి, గాలి తీశాను.

రాత్రి వేడిగా ఉన్నప్పుడు ముల్లు 2.0. చూసి చప్పట్లు కొట్టాను. కానీ పొద్దున 1.1. సంచిలో మళ్లీ నీళ్లు, ఈసారి గ్లాసు మాత్రమే. 3 దాటలేదు కదా, ఎందుకు?

బాయిలర్‌బాబాయ్
బాబూ, ఆ సేఫ్టీ వాల్వ్ రెండు వారాలు రోజూ తెరుచుకుంది. అది అలా రోజూ పనిచేయడానికి పెట్టింది కాదు. సీటు మీద మడ్డి రేణువో సున్నం పలుకో పడి సరిగ్గా మూసుకోవట్లేదు. కొందరు నాబ్ తిప్పి ఒకసారి ధారగా వదిలి కడుగుతారు. అలా కుదిరిన సందర్భాలున్నాయి, ఆ తర్వాత అసలే మూసుకోని సందర్భాలూ ఉన్నాయి. నా సలహా, కొత్తది వేయించండి. దీన్ని మాత్రం టెక్నీషియన్ చేతే చేయించండి. ఎవరు ఏం చెప్పినా ఆ గొట్టానికి బిరడా కొట్టకండి. అలా కొట్టిన ఇంటికి ఒకసారి పనికి వెళ్లాను, లోపలికి అడుగు పెట్టకుండానే బాయిలర్ ఆపించాను.

టెక్నీషియన్ వచ్చినప్పుడే ఇన్హిబిటర్ కలిపించండి, బాయిలర్‌కి తిరిగొచ్చే పైపు మీద అయస్కాంతం ఫిల్టర్ పెట్టించండి. మాగ్నటైట్ అయస్కాంతానికి అతుక్కుంటుంది, ఏడాదికోసారి తీసి కడుక్కోవచ్చు. అలాగే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా? లేకపోతే ముందు అది కొనండి, తర్వాతే మిగతావి.

చలిగాలి_17
అలారం ఉంది బాబాయ్ గారూ, కానీ బ్యాటరీ అయిపోయి ఉంది. ఇప్పుడే మార్చాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

పైగది ఇప్పుడు పైదాకా వేడిగా ఉంది. అయితే కొత్త గొడవ, బాయిలర్‌కి దగ్గరున్న హాల్లో ఉక్కపోత, చివరి గదిలో గోరువెచ్చన.

రెంచిరాణి
నీళ్లు దగ్గరి దారి చూసుకుంటాయి. ప్రతి రేడియేటర్‌కి రెండో పక్క మూత కింద ఇంకో వాల్వ్ ఉంటుంది, లాక్‌షీల్డ్ అంటారు. చివరి గదిది పూర్తిగా తెరవండి. హాల్లోది పూర్తిగా మూసి, అక్కడి నుంచి అర చుట్టో ముప్పావు చుట్టో తెరవండి. ఎన్ని చుట్లో కాగితం మీద రాసుకోండి, గుర్తుంటుందనుకుంటాం, ఉండదు. లోపలికి వెళ్లే పైపుకీ బయటికి వచ్చే పైపుకీ వేడి తేడా అన్ని రేడియేటర్లలో సుమారు ఒకేలా రావాలి. 10 నుంచి 20 డిగ్రీల మధ్య ఎంతైనా పర్లేదు, అన్నిటికీ ఒకేలా ఉండడం ముఖ్యం. ఒక మార్పు చేశాక అరగంట ఆగండి. ఓపిక లేకపోతే ఈ పని మొదలుపెట్టకండి.

లెక్కలపంతులు
ఒక జాగ్రత్త. మీది కండెన్సింగ్ బాయిలర్ అయితే తిరిగొచ్చే నీళ్లు 55 డిగ్రీల లోపుంటేనే పొగలోని ఆవిరి నీరుగా మారి ఆ వేడి కూడా మీకు దక్కుతుంది. పాతకాలపు మామూలు బాయిలర్ అయితే సీన్ రివర్స్, మరీ చల్లటి నీళ్లు తిరిగొస్తే లోపల తడి పట్టి తుప్పు పడుతుంది. కాబట్టి వేడి తగ్గించే ముందు మీది ఏ రకమో చూసుకోండి. అద్దెఇల్లు గారూ, మీరు కూడా.

చలిగాలి_17
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. కొత్త సేఫ్టీ వాల్వ్, ఫిల్టర్, మందు అన్నీ అయ్యాయి. చల్లగా 1.3, వేడిగా 2.0. ఈ మూడు వారాల్లో నీళ్లు నింపే ట్యాప్ ముట్టుకోలేదు. లాక్‌షీల్డ్‌లకి రెండు ఆదివారాలు పోయాయి, హాల్లో చివరికి ముప్పావు చుట్టు దగ్గర కుదిరింది. గుడగుడ లేదు. దయ్యం వెళ్లిపోయిందని పిల్లలు కాస్త దిగులుగా ఉన్నారు.

బయట ఆ సంచి ఇంకా వేలాడుతోంది. ఇక తీసేయనా?

బాయిలర్‌బాబాయ్
చలికాలం అయ్యేదాకా ఉండనీ. పొద్దున్నే ఓ చూపు చూడు, చాలు.

చలిగాలి_17
ఇప్పుడే చూసొచ్చాను. నీళ్లు లేవు. సాలీడు గూడు కట్టుకుంది.